వాన వెలిసిన సముద్రం, అవ్వ బాప్తిస్మం

మద్రాసు బీచిలో నాకు వచ్చిన కడుపునొప్పి అబద్ధం. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా డైరీకి కూడా చెప్పలేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాది మా అవ్వ బాప్తిస్మం తీసుకుంటానంది. పుంగనూరులో మా పాస్టరయ్య ఎవరినైనా ఊరి చివర కుంటలోనే ముంచేవాడు. అవ్వ ఒప్పుకోలేదు.

"ఎనుములు పొర్లే నీళ్ళలో నేను మునగనప్పా. సముద్రమైతే తేటగా ఉంటాది. దాన్ని ఎవురు మురికి చేస్తారు?"

అవ్వ అప్పుడే టైఫాయిడ్ నుంచి లేచింది. మదనపల్లె ఆసుపత్రి నుంచి పంపిస్తూ డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, మళ్ళీ విరేచనాలు పట్టుకుంటే ఈమె బతకదని చెప్పింది.

అవ్వ, పాస్టరయ్య, నేను ముగ్గురం కుప్పంలో రైలెక్కాం. మేము మద్రాసులో దిగేసరికి పెద్ద గాలివాన అప్పుడే వెలిసింది. కూవం నది ముఖద్వారానికి అడ్డంగా ఉండే ఇసుకమేటను వరద తెగ్గొట్టింది. ఊళ్ళోని కాలువలనూ కక్కసులనూ కడిగిన నీళ్ళన్నీ ఆ గండిలోంచి సముద్రంలో కలుస్తున్నాయి. ఒడ్డు పొడుగునా నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. స్కూలు అలమరలోంచి తెచ్చుకుని చాటుగా చదివిన ఆరోగ్యశాస్త్రం పుస్తకంలో ఇదంతా ఉంది. పెద్దవాన తర్వాత మురికినీటి క్రిములు సముద్రంలో చేరతాయి. ఎండా ఉప్పూ కలిసి కొన్నాళ్ళకు వాటిని చంపుతాయి. అంతవరకూ దిగకూడదు.

"అయ్యా, ఈ నీళ్ళలో క్రిములుంటాయి" అన్నాను పాస్టరయ్యతో.

"దేవుడు చేసిన సముద్రంలోకి క్రిములు యాడినుంచి వస్తాయమ్మా?"

"కూవంలోనుంచి" అన్నాను, నా పైటకొంగుకు మాత్రమే వినబడేట్టు.

ప్రసంగాలు చేసే గొంతుకు మంచిదని ఆయన ఆ నీళ్ళే దోసిట పట్టి పుక్కిలించాడు. అవ్వ కొంగు నడుముకు బిగించింది. వాదించే ధైర్యం నాకు లేదు. కడుపు పట్టుకుని ఇసుకలో కూలబడ్డాను.

అవ్వ బాప్తిస్మం మాట మరిచి, నన్ను బస చేసిన ఇంటికి లాక్కొచ్చి ఆముదం పట్టించింది. సాయంత్రానికి అబద్ధపు నొప్పి నిజమైంది. మర్నాడు పాస్టరయ్యకూ మొదలైంది, ఆయనకు ఆముదం లేకుండానే. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే కక్కసు. ఆయన ప్రార్థనలు పొట్టివైపోయాయి. ఒక్కోసారి ఆమెన్ తలుపు అవతలినుంచి వినబడేది.

"ఈళ్ళ సాంబారు మంచిది కాదు" అంది అవ్వ, ఇంటావిడ వినేలా.

నేను రోజూ మేడెక్కి సముద్రం రంగు చూసేదాన్ని. అది టీ రంగులో ఉన్నంతకాలం నా నొప్పి తగ్గలేదు. ఎండలు కాసి, నీళ్ళు నీలం తిరిగాక తగ్గిపోయింది. అవ్వ మమ్మల్ని మళ్ళీ సముద్రానికి బయలుదేరదీసింది.

"మళ్ళీ ఆ నీళ్ళలోకా?" అన్నాడు పాస్టరయ్య నీరసంగా.

"యాలప్పా, నీ విశ్వాసం కూడా బయటికి పోయిందా?" అంది అవ్వ.

ఆయన చేతుల్లో సత్తువ లేదు. అవ్వను ఆయన ముంచాడో, ఆయన్ను అవ్వ పట్టుకుని లేపిందో ఒడ్డునుంచి నాకు తెలియలేదు. మొత్తానికి ఇద్దరూ పైకి తేలారు. ఆ నీళ్ళవల్ల అవ్వకు తర్వాత ఏ జబ్బూ రాలేదు గానీ, ఆ క్షణంలో నాకది తెలియదు. ఆమె ఎన్ని గుక్కలు మింగిందోనని లెక్క వేస్తున్నాను. అవ్వ తుమ్మి, ఉప్పునీళ్ళు ఉమ్మి, నావైపు తిరిగింది.

"యాల ఆడే నిలబడుండావు? నువ్వూ దిగు పాపా. నువ్వేమన్నా సుద్దపూసవా?"