నక్షలో లేని కేబుల్

కొత్త గోదాముకు పునాది తవ్వుతుంటే జేసీబీ పన్ను కరెంటు కేబుల్‌ను తెంపేసింది. నారాయణఖేడ్‌లోని మా కంపెనీ కందిపప్పు మిల్లు ఆవరణ అది. భవనాలు, యంత్రాలు చూసుకునే విభాగంలో నేను చేరి నాలుగు నెలలైంది. తవ్వాల్సిన చోటు చూపించింది నేనే. నా చేతిలోని నక్షలో అక్కడ కేబుల్ లేదు. అదృష్టం కొద్దీ డ్రైవర్‌కు ఏమీ కాలేదు.

మరునాడు మేనేజరు దగ్గరికి నేనే వెళ్లాను. మిల్లు కాగితాలు ఒక బీరువాలో, నాగల్‌గిద్ద గోదాము కాగితాలు అక్కడి వాచ్‌మన్ గదిలో, సిర్గాపూర్ గోదామువి, మిగిలినవి హైదరాబాద్ ఆఫీసులో ఉన్నాయి. అన్నిటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో పెడతానన్నాను.

"నీతోని అయితదా?"

"అయితది సార్."

మూడు వారాలు స్కానింగ్‌కే సరిపోయాయి. చెదలు తిన్న మోటార్ల వివరాల పుస్తకాలను పేజీ పేజీ విప్పాను. అదంతా ఒక ఎత్తు, మా ఎలక్ట్రీషియన్ ఒక ఎత్తు. మిల్లు కట్టినప్పటి మనిషి. ఏ తీగ ఎటు పోతుందో ఆయనకే తెలుసు. కేబుల్ తెగిన రోజు సెలవులో ఉన్నాడు.

"కాకా, జర చెప్పు, రాసుకుంటా" అని వెంటపడ్డాను.

"నాకు తెల్సిందంత గా కంప్యూటర్ల ఎక్కిస్తే ఇగ నేనెందుకు బిడ్డా?" అని వెళ్లిపోయాడు.

అయినా పని ఆపలేదు. చేతికొచ్చిన పాత నక్షలనే ఎక్కిస్తూ పోయాను. ఒకరోజు ఆయన చాయ్ గ్లాసుతో నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఏందిది? పంపు గీడ లేదు గదా!"

"నక్షల గట్లనే ఉంది కాకా."

"నక్ష తప్పు! గిదే ఎక్కిస్తున్నవా? రేపు ఎవరన్న సస్తరు!"

గ్లాసు బల్ల మీద పెట్టేసి "నడువ్" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ముందు, టేపూ ఫోనూ పట్టుకుని నేను వెనక. మిల్లులోనూ, నాగల్‌గిద్ద గోదాములోనూ గోడ గోడా తిరిగాం. దిద్దిన ప్రతి నక్ష కింద 'సరిచూసినవారు' అన్నచోట ఆయన పేరు రాసి చూపించాను. చదువుకున్నాడు. మరునాడు నాకంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

వానాకాలంలో నాగల్‌గిద్ద గోదాములోకి నీళ్లు వచ్చాయి. నీళ్లు తోడే పంపు ఆడడం లేదు. వాగు పొంగడంతో మేం వెళ్లే దారి లేదు. మా సాఫ్ట్‌వేర్ అక్కడి వాచ్‌మన్ ఫోన్‌లోనూ పెట్టాం కానీ, అతను కంగారులో సగం కన్నడం, సగం తెలుగులో ఫోన్‌లో అరుస్తున్నాడు. కాకా ఫోన్ అందుకున్నాడు.

"పరేషాన్ కాకు. ఫోన్ల నక్ష తెరువు. నీలం గీత పంపు తీగది, అది పట్టుకొని పో. పై గదిల డబ్బా ఉంటది, ఎడమ దిక్కు రెండో స్విచ్ ఎక్కియ్."

కాసేపటికి పంపు చప్పుడు మాకు ఫోన్‌లోనే వినిపించింది. కింది వరుస బస్తాలు తడిసిపోయాయి. మిగతా కందులన్నీ దక్కాయి.

ఫోన్ పెట్టేసి కాకా నా వైపు తిరిగాడు.

"సిర్గాపూర్ల గోదాంది ఎప్పుడు ఎక్కిస్తవ్?"

"వచ్చే నెల కాకా."

"గప్పటిదాంక ఎందుకు? రేపే పోదాం."