సంత్రాగాఛి డాబా మీద సప్తర్షులు

నేను సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో, మా అక్క భర్త ఖిదిర్‌పూర్ రేవు దగ్గర ఉండేవాళ్లం. ఇద్దరికీ చుక్కలు చూసే పిచ్చి. రేవు దీపాల వెలుగుకి బావ డాబా మీంచి సప్తర్షుల్లో నలుగురే కనిపించేవారు. మా డాబా మీంచి ఏడుగురూ కనిపించేవారు గాని, సందు చివరి దీపం కళ్లలో పొడిచేది.

“ఏటోయ్, ఆ దీపం సంగతి మీవోళ్లకి సెప్పలేవేటి?” అన్నాడు బావ.

మర్నాడు కరెంటు మిస్త్రీని పట్టుకుని, “దాదా, ఆ దీపంతో చాలా ఇబ్బందిగా ఉంది” అన్నాను, నా వచ్చీరాని బెంగాలీలో. ఆయన జాలిగా తలూపి, సాయంత్రానికల్లా ఇంకా పెద్ద బల్బు బిగించాడు. సందులో ఆడవాళ్లంతా నన్ను మెచ్చుకున్నారు. ఇక తీసెయ్యమనడానికి నోరు రాలేదు.

ఆదివారం బావ వచ్చి, మా డాబా ఎక్కి చాలాసేపు పైకి చూశాడు.

“పోన్లే, సెందురుడున్నాడు గదా,” అన్నాడు.