ఐసు ఫ్యాక్టరీలో కుర్చీ

విజయేందర్ మంచుకొండను బొమ్మలో తప్ప చూడలేదు. అయినా రాంగోపాల్‌పేట్‌లో ఆయన కుట్టించే చలికోటు లేనిదే హిమాలయాలకు బయల్దేరని వాళ్లున్నారు. దుకాణం పెట్టిన తాత తాను కుట్టిన గుడారంలో వానలో పడుకుని చూశాకే అమ్మేవాడు. తండ్రి వీపుసంచుల్లో ఇటుకలు నింపుకుని బజారంతా తిరిగేవాడు. ఈయనేమో కొత్త రకం కోటు తయారైనప్పుడల్లా దాన్ని తొడుక్కుని, మండుటెండలో స్కూటరెక్కి బోయిగూడ ఐసు ఫ్యాక్టరీకి పోతాడు. దారిలో నవ్వేవాళ్లకు చెయ్యి ఊపుతాడు. ఐసు దిమ్మల మధ్య కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని కూర్చుంటాడు.

మొన్న అలాగే వెళ్లొచ్చి, "ఎడమ చంకల నుంచి చలి జొరబడుతున్నది. అన్ని కోట్లకు కుట్లు విప్పుండ్రి," అన్నాడు దర్జీలతో.

కూతురు వసుధకు ఒళ్లు మండింది. "ల్యాబోళ్లు పాస్ చేసిన్రు నాన్నా. రేపు పొద్దుగాల ట్రెక్కింగ్ పిల్లలు రైలెక్కాలె. గిట్లయితే ఎట్ల?"

"ల్యాబుకు చలి పెడ్తదా బిడ్డా?"

ఆమె ఆ కోటే తొడుక్కుని, స్కూటరు తాళం తీసుకుని పోయింది. చాలాసేపటికి ఎర్రబడ్డ ముక్కుతో తిరిగొచ్చి, కోటు తీసి కుట్టుమిషను మీద పెట్టింది.

"కుడి చంక సుత విప్పుండ్రి," అంది.