మడ్‌గార్డులో ఇరుక్కున్న రోకలి

పంతొమ్మిదివందల అరవైల్లో ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో అక్కా బావా నేనూ ఉండేవాళ్ళం. బావ కొన్న పాత కారులో మడ్‌గార్డు అంచు టైరుకు రాసుకునేది. నిండు నెలల అక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది ఆ కారులోనే.

"మెకానిక్ షాపుకిచ్చీ బావా," అన్నాను.

"వర్క్‌షాపులో బాయిలర్ రేకులు వంచినోణ్ణి. ఇదో లెక్కేట్రా?" అన్నాడు.

టైరు తిరుగుతుంటే అంచు లోపలికి మడుచుకుంటుందని, దానికీ టైరుకూ మధ్య అక్క రోకలి దూర్చి ఇద్దరం కారును తోశాం. రోకలి బిగుసుకుపోయింది. కారు ముందుకూ కదలలేదు, వెనక్కూ కదలలేదు.

అంతలో అక్క గుమ్మం పట్టుకుని నిలబడింది. "నొప్పులొస్తన్నాయి. బండి తీస్తారేటి?"

నేను రిక్షా కోసం పరుగెత్తాను.

రిక్షా ఎక్కుతూ కూడా అక్క, "నా రోకలి షాపోడి సేతే తీయించండి," అంది.

మేనకోడలు క్షేమంగా పుట్టింది. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా "మనమే చేసుకుందాం" అంటే, నా కళ్ళు ముందుగా గుమ్మం వైపు పోతాయి.