మా మామ షేర్ల సేద్యం

మా మేనమామ పోచయ్య షేర్లను కూడా సేద్యం లాగే చేస్తాడు. ధర పెరిగితే చేనుకు నీళ్లందినట్టు, పడితే ఎండ దెబ్బ. అమ్మెయ్యమంటే మాత్రం "పచ్చి చేను కోస్తరారా?" అని మీదికొస్తాడు.

పాశమైలారంలో ఒకప్పుడు ఆయన జొన్న వేసిన చెల్కలో ఇప్పుడొక కంపెనీ ఉంది. రాకెట్లకు పనికొచ్చే కొత్త మిశ్రమలోహం తయారుచేస్తుందట. లోహం ఇంకా పరీక్షల్లోనే ఉంది. మామ మాత్రం షేర్లు కొనేశాడు.

"నా చెల్కల పండేది నేను కొనకుంటే ఎవరు కొంటరు?"

ఇదీ ఆయన పరిశోధన. రోజూ పొద్దున్నే కంపెనీ గేటు ముందు, గట్టు మీద నిలబడ్డట్టు నిలబడి పొగగొట్టం చూసొస్తాడు. మొదట్లో తరిమేసిన వాచ్‌మన్ ఇప్పుడు చాయ్ పోస్తున్నాడు.

"ఎట్లుంది మామా?"

"పొగ తెల్లగున్నది. ఇత్తనం మొలిచింది."

నిజంగానే షేరు పెరిగింది. నాకూ ఆశ పుట్టింది. పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకోవడానికి దాచిన డబ్బంతా అందులో పెడదామని ఫోన్ తీశాను. ఆ మాట మామకు చెప్పడమే నా పొరపాటు.

"కొనేముందు చేను సూడవా? బండి తియ్యి!"

గేటు దగ్గర "ఫోన్ ఇటియ్యి, పొగ ఫోటో తీస్త" అన్నాడు. ఛార్జింగ్ అయిపోయేదాకా తీశాడు. ఇంటికొచ్చేసరికి మార్కెట్ మూతపడింది. మర్నాడు నడుము నొప్పని సంగారెడ్డి ఆసుపత్రికి తిప్పాడు. ఆ మర్నాడు, డాక్టర్ నడవమన్నాడని మళ్లీ గేటుకే, ఫోన్ మళ్లీ ఆయన చేతికే. నాకు ఒళ్లు మండిపోయింది.

"మేనల్లుడు బాగుపడితే ఓర్వలేవా మామా?"

"రేపు కొందువులేరా" అన్నాడు, చాయ్ ఊదుకుంటూ.

ఆ రేపు పొద్దున్నే వార్త వచ్చింది. పరీక్షలో లోహం పగిలిపోయిందట. షేరు మట్టి కరిచింది.

ఓదారుద్దామని వెళితే మామ నింపాదిగా జొన్నరొట్టె తింటున్నాడు.

"గిట్లయితదని నీకు ముందే ఎర్కనా?"

"ఎర్కుంటే నాయి అమ్ముకోకపోదునా?"

"మరి నన్నెందుకు కొననియ్యలే?"

"పంట పోవుడు నాకు అలవాటేరా. ఒకటి పోతే ఇంకోటి ఏస్త. నువ్వు ఇల్లు పోగొట్టుకుంటే మా అక్క నన్ను బతకనిస్తదా?"

మా అమ్మ పేరు అడ్డం పెట్టుకున్నాడు గానీ, ఆ రొట్టె ముక్క మింగుతూ నా వంక చూసిన చూపు నాకు తెలుసు. కోపమంతా ఎటుపోయిందో!

"ఇకనైనా నీయి అమ్మెయ్యి మామా" అన్నాను ప్రేమగా.

మామ చెయ్యి కడుక్కుని చెప్పులేసుకున్నాడు.

"ఎండిన చేను అమ్ముకుంటరారా? బండి తియ్యి. పొగ వస్తున్నదో లేదో సూసొద్దాం."

పోయిన కోపం తిరిగొచ్చింది. బండి మాత్రం తీశాను.