గొడవల్లో గౌరి పాలు

ఇవాళ పొద్దున అటక మీంచి దించిన ఇత్తడి పాలచెంబును చింతపండుతో తోముతుంటే, ఎన్నేళ్లుగానో ఖాళీగా పడి ఉన్నదే అయినా, దాని అడుగునుంచి కాగిన పాల వాసన, వెనకే నానిన తవుడు వాసన వచ్చినట్టనిపించింది. హాల్లో టీవీ మా ఊరి గురించే చెబుతూ 'ఉద్రిక్తత' అంటోంది. మా చిన్నప్పుడు మేముండే వన్ టౌన్‌లో అంత పెద్ద మాట ఎవరి నోటా వచ్చేది కాదు. మేం 'గొడవలు' అనేవాళ్లం.

ఆ మాట మా వీధిలో కుళాయి దగ్గరే నిద్ర లేచేది. ఎవరి బిందె ముందన్న గొడవ, గచ్చకాయల ఆటలో తొండి చేశారని గొడవ, పెళ్లిలో గారెలు వేడిగా లేవని మగపెళ్లివారి గొడవ, కొత్త ఆవకాయలో ఉప్పు తగ్గిందని మా నాన్న పెట్టే గొడవ. 'నాకెందుకీ గొడవ' అంటూనే పక్కింటి తగవులో తీర్పు చెప్పేవాళ్లకు కొదవ లేదు. వీటన్నిటికీ నవ్వుకునేవాళ్లం. కానీ ఎవరైనా గొంతు తగ్గించి 'ఊళ్లో గొడవలంట' అన్నారంటే షట్టర్లు దడదడా పడేవి, బడి గంట వేళ కాకుండానే మోగేది, బజ్జీల బండి నూనె చల్లారకముందే వెళ్లిపోయేది, అమ్మ బియ్యం డబ్బా మూత తీసి చూసుకునేది. ఆ తర్వాత వీధిలో పరుచుకునే నిశ్శబ్దమంటే నాకు చచ్చేంత భయం.

మా నాయనమ్మ పామర్రు నుంచి వస్తూ గేదెను కూడా వెంట తెచ్చుకున్న మనిషి. దాని పేరు గౌరి. మా ఇంటికి రెండు వీధుల అవతల, మా బట్టలు కుట్టే దర్జీ సాయిబుగారి భార్య మెహరున్నీసా పిన్నికి ఆడపిల్ల పుట్టింది. తల్లికి పాలు పడలేదు. చంటిపిల్లలకు ఒంటిగేదె పాలే పట్టాలని, రోజుకో గేదె పాలు పడితే కడుపు చెడుతుందని అప్పట్లో అందరి నమ్మకం. అందుకని నాయనమ్మ గౌరి పాలు చుక్క నీళ్లు కలపకుండా ఆ పిల్ల కోసం ఈ చెంబులో విడిగా తీసిపెట్టేది.

ఆ ఎండాకాలం గొడవలొచ్చాయి. కాలవగట్టు నుంచి పచ్చగడ్డి రావడం ఆగిపోయింది, తవుడు మీదే బతికిన గౌరి సగం పాలే ఇచ్చింది. నాయనమ్మ ముందుగా చెంబు నింపి, చెంగు బిగించింది. నాన్న గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఇంట్లో కాఫీకే లేవు. బయట పోలీసులున్నారు. మనకెందుకమ్మా ఈ గొడవ?"

"నీకు కాఫీ లేకపోతే తలనొప్పొచ్చిద్ది. దానికి పాలు లేకపోతే ఏమవుద్దిరా?"

నాన్న పక్కకు జరిగాడు. నేను నాయనమ్మ కొంగు వదల్లేదు. వీధి చివర కానిస్టేబుల్ లాఠీ అడ్డం పెట్టాడు.

"ఏమ్మా, ఎక్కడికి? గొడవలని తెలీదా?"

"నాకు తెలుసు బాబూ. చంటిదానికి తెలీదు కదా," అని చెంబు మూత తీసి చూపించింది.

అతను పాలను చూశాడు, నన్ను చూశాడు, ముందు నడిచి మమ్మల్ని ఆ ఇంటిదాకా దిగబెట్టాడు. ఓరగా తలుపు తీసిన సాయిబుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇట్టాంటప్పుడు ఎందుకొచ్చారమ్మా?" అన్నాడు. "పాల వేళయింది కదయ్యా," అంది నాయనమ్మ. గొడవలు సద్దుమణిగేదాకా రోజూ వెళ్లింది. ఆవిడంటే నాకు అప్పుడూ గర్వమే, ఇప్పుడూ గర్వమే.

గౌరి కొట్టం ఉన్నచోట ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ వాళ్ల కార్లు నిలుస్తున్నాయి. పాలు ప్యాకెట్లలో వస్తాయి, ఇవాళ అవీ రాలేదు. కింద కొట్లన్నీ మూసేశారు. పురిటికి వచ్చిన మా అమ్మాయి గదిలో చంటిది ఆకలికి ఏడుస్తోంది, తల్లి పాలు చాలడం లేదు, డబ్బాపాలు దానికి పడవు. ఏం చేయాలో తోచక చెంబు తోముతూ కూర్చున్నాను.

ఫోన్ మోగింది. షాహీన్. గౌరి పాలు తాగి పెరిగిన ఆ పిల్లే, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి.

"అక్కా, చంటిదానికి పాలున్నాయా?"

"లేవు. నువ్వు మాత్రం బయటికి రాకు, ఊళ్లో గొడవలంట."

"మీ నాయనమ్మగారు మా అమ్మని అడిగే వచ్చారా? కిందే ఉన్నా, గేటు తీయించండి. ప్యాకెట్ పాలే అక్కా, ఏ గేదెవో మాత్రం నన్నడగొద్దు."

తోమిన చెంబు పట్టుకుని కిందికి పరిగెత్తాను.