ముక్కు కోసిన చీజ్

మా వీలార్సెల్ స్టేషన్‌కు రైలు వేళకు వస్తే జనం కంగారు పడతారు, ఎక్కడ ఏం కొంప మునిగిందోనని. నాకైతే గుండె ఆగినంత పనవుతుంది. స్టేషన్‌లో కాఫీ కొట్టు నాది. రైళ్ళన్నీ వేళకు నడిస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే సమ్మె అన్న మాట వినబడగానే రైలు కార్మికుల సంఘానికి మనసులోనే ఓ దండం పెట్టుకుంటాను.

సొలాంజ్ బ్రజోల్ మా ఊరి శనివారం సంతలో చీజ్ అమ్ముతుంది. తండ్రి కొట్టు, తండ్రి కత్తి, తండ్రి నోరు, మూడూ ఆమెకే దక్కాయి. యాభై దాటినా పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో ఊరందరికీ తెలుసు. చీజ్ కోయడం రాని మగవాణ్ణి ఆమె మనిషి కింద జమకట్టదు.

బ్రీ అనే మెత్తటి చీజ్ ముక్క త్రికోణంగా ఉంటుంది. పక్క నుంచి పొడుగ్గా కోసుకోవాలి. అప్పుడు లోపలి మెత్తదనం, వెనకాల గట్టి తొక్క అందరికీ సమంగా వస్తాయి. మొన కోసుకున్నాడంటే వాడు మంచిదంతా తన పళ్ళెంలో వేసుకుని తొక్క మిగతావాళ్ళకు వదిలినట్టు. దాన్నే ముక్కు కోయడమంటాం. దొంగను క్షమించిన ఇళ్ళున్నాయి కానీ, ముక్కు కోసినవాణ్ణి రెండోసారి భోజనానికి పిలిచిన ఇల్లు నేను చూడలేదు. సొలాంజ్‌ను చూడవచ్చిన బడిపంతులు ముక్కు కోశాడు. పోస్టాఫీసాయన తొక్కంతా గీకి పళ్ళెం అంచున పేర్చాడు. ఇద్దరికీ కాఫీ దాకా యోగం పట్టలేదు.

చివరికి లియోన్ పట్నంలో ఒకడు దొరికాడు. ఆన్సెల్మ్ పెర్దిగో, నోటరీ దగ్గర గుమాస్తా. గీత గీసినట్టు కోస్తాడు. మాట్లాడేదీ అలాగే. వాళ్ళమ్మ ఒప్పుకుంటే పెళ్ళి. ఆవిడ ఆదివారం భోజనానికి రమ్మంది. బ్రీ సొలాంజే తేవాలి, ఒంటిగంటకల్లా బల్ల దగ్గర ఉండాలి. ఆలస్యమైతే సంబంధం మాట మర్చిపొమ్మంది.

ఆ ఆదివారం పొద్దున సొలాంజ్ నీలం గౌను వేసుకుని, గుడ్డలో చుట్టిన బ్రీని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని నా కొట్లో కూర్చుంది. ఆమె వచ్చింది కానీ రైలు రాలేదు. సమ్మె. కాసేపట్లో వస్తుందని మైకు చెప్పింది. మా మైకు మాటా, ఎన్నికల ముందు మేయరు మాటా ఒకటే.

ఎదుటి కుర్చీలో బక్కపలచటి మనిషి ఒకడు కూర్చున్నాడు. పేరు గాయెతాన్ మోర్విల్ అని తర్వాత తెలిసింది.

"మీరూ లియోనేనా?" అడిగింది సొలాంజ్.

"అవునండి. మా ఇల్లు అక్కడే."

"ఈ రైలు డ్రైవర్లకు సిగ్గూ శరం ఏవన్నా ఉందంటారా?"

"తక్కువేనండి. నేనూ డ్రైవర్నే. సమ్మెలో ఉన్నా."

నేను గ్లాసు కడగడం ఆపేశాను.

"అంటే మీరాపిన రైలు కోసం మీరే కాచుక్కూచున్నారా?"

"ఇక్కడ సమ్మె మీటింగుకొచ్చానండి. తిరిగెళ్ళేదెలాగో ఎవరికీ తట్టలేదు."

ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. ఈయన పడి, గోతిలోంచే కాఫీ కూడా అడిగాడు.

తిట్టడానికి మనిషి దొరికాక సొలాంజ్‌కు పొద్దు తెలియలేదు. తిట్ల మధ్యలో తన కొట్టు సంగతీ, లియోన్ భోజనం సంగతీ చెప్పేసింది. ఒంటిగంట దాటాక ఆన్సెల్మ్ ఫోన్ చేశాడు. అతని గొంతు నా కొట్టంతా వినిపించింది.

"అమ్మ బల్ల దగ్గర కూర్చుంది."

"రైలు లేకపోతే నన్నేం చెయ్యమంటారు?"

"నిన్ననే బయల్దేరాల్సింది. సర్లే, బ్రీ ఎండలో పెట్టలేదు కదా?"

ఆమె ఫోన్ పెట్టేసి కిటికీలోంచి ఖాళీ పట్టాల వైపు చూసింది.

"మీరేవన్నా తిన్నారా మదాం?" అన్నాడు గాయెతాన్.

ఆమె తల అడ్డంగా ఊపింది. సమ్మె జనం దెబ్బకు నా దగ్గర రొట్టె తప్ప ఏమీ మిగల్లేదు. అతను ఒకటి కొని సగం విరిచి ఆమెకిచ్చి, తన సగం ఉత్తదే నమలసాగాడు. ఉత్త రొట్టె తినేవాణ్ణి చూస్తూ కూర్చోవడం సొలాంజ్ వల్ల కాదు. బ్రీ మూట విప్పింది.

"పక్క నుంచి పల్చగా కోసుకోండి. ఆన్సెల్మ్ వాళ్ళమ్మకి తెలీకూడదు."

అతను మడతచాకు తీసి, నింపాదిగా ముక్కు కోసేశాడు. మూల కూర్చున్న ముసలావిడ సిలువ గుర్తు వేసుకుంది.

"మీ అమ్మా నాన్నా మీకేం నేర్పలేదా?" సొలాంజ్ కుర్చీలోంచి లేచింది.

"నేర్పారండి." ఆ ముక్క ఆమె రొట్టె మీద పెట్టాడు. "ఇది నాక్కాదు, మీకు. ఇన్నేళ్ళనుంచీ అమ్ముతున్నారు కదా, ఎప్పుడన్నా తిన్నారా దీన్ని?"

జవాబు నాకు తెలుసు. చిన్నప్పుడు ఇంట్లో ముందు చుట్టాలకు, తర్వాత అన్నదమ్ములకు. సంతలో మంచిదంతా బేరాలకు. తొక్కలూ అంచులూ ఆమె రాత్రి భోజనానికి. ఊరందరికీ సమంగా కోసిపెట్టిన మనిషికి ఇది నీ వంతు అన్నవాడు ఇన్నాళ్ళకు దొరికాడు, వాడూ సమ్మెలో ఉన్న రైలు డ్రైవరు. నాకు జాలేసింది. కాఫీ అమ్ముకునేవాడికి జాలి గిట్టుబాటు కాదు, అయినా వేసింది.

సొలాంజ్ మెల్లగా తింది. "ఇంకాస్త మాగాల్సింది," అని కళ్ళు తుడుచుకుంది.

అప్పుడొచ్చింది రైలు. వెంటనే ఫోన్ కూడా మోగింది.

"అమ్మ భోంచేసి పడుకుంది," అన్నాడు ఆన్సెల్మ్. "ఆలస్యమైనా ఈసారికి క్షమిస్తానంది. నువ్వివాళ రానక్కర్లేదు, బ్రీ మాత్రం ఎవరిచేతన్నా పంపించు."

"దానికి ముక్కు లేదు, ఆన్సెల్మ్."

"ఎవరు తిన్నారు?"

"నేనే," అంది సొలాంజ్.

రైలు వెళ్ళిపోయింది. గాయెతాన్ కూడా కుర్చీలోంచి లేవలేదు. మీ రైలు పోయింది కదండీ అన్నాను. "ఇంకోటొస్తుందిలెండి," అన్నాడు. మా రైళ్ళ గురించి అంత నమ్మకంగా మాట్లాడినవాణ్ణి మళ్ళీ చూడలేదు.

సొలాంజ్ బ్రీని అతని ముందుకు తోసింది. "కోయండి. ఇంకెక్కడ కోసినా తప్పు లేదు."

ఇప్పుడు సంతలో ఇద్దరూ ఉంటారు. బేరాల దగ్గర సొలాంజ్ నోరు పాత నోరే, కోత పాత కోతే. ఆదివారాలు మమ్మల్ని భోజనానికి పిలుస్తారు. గాయెతాన్ అందరి ముందూ ముక్కు కోసి ఆమె పళ్ళెంలో వేస్తాడు. మాకు మిగిలేది తొక్కే. అయినా వెళ్తాం.